గౌతమి దాటే మంచు సరుకు

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పాయలవుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. చెన్నై నుంచి కోల్‌కతా పోయే జాతీయ రహదారికి ఈ రెంటినీ దాటక తప్పదు. వశిష్ఠను సిద్ధాంతం దగ్గర, గౌతమిని జొన్నాడ దగ్గర దాటుతుంది. ఆలమూరు మండలంలో, గౌతమికి ఎడమ గట్టున ఉన్న ఊరు జొన్నాడ. వంతెన అవతల రావులపాలెం, కోనసీమకు ముఖద్వారం. ఇవతల ఒక దారి రాజమండ్రి వైపు, ఒక దారి ఆలమూరు మీదుగా మండపేట వైపు. బస్సు కోసం నిలబడ్డవాడికి ఇది దిగి ఎక్కే కూడలి. సరుకు మీద బతికేవాడికి మాత్రం గోదావరి జిల్లాల పంటంతా కళ్లముందు నుంచి నడిచి వెళ్లే చోటు. కొబ్బరికాయలు, కడియం నర్సరీ మొక్కలు, కోడిగుడ్లు, ధాన్యం, ఇసుక, అన్నీ ఇటే.

వాటి మధ్య మూడు రకాల బండ్లను కాసేపు విడిగా గమనించాలి. మొదటిది అరటిగెలల లారీ. రావులపాలెం యార్డులో ఎత్తిన గెలలు, సందుల్లో దట్టించిన ఎండుటాకు, పైన టార్పాలిన్, పట్టి కట్టిన మోకు. ఒడిశాకో బెంగాల్‌కో పోతుంది. రెండోది చేపల లారీ. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ప్లాస్టిక్ ట్రేలలో ఐసు పొరల మధ్య హౌరా మార్కెట్‌కి, ఇంకా పైకి అస్సాం దాకా పోతాయి. వెనక తలుపు సందుల్లోంచి చుక్కచుక్కగా నీళ్లు కారుతూనే ఉంటాయి. మూడోది తెల్లటి పెట్టె. తెరిచిన సందు లేదు, చుక్క నీరు కారదు. ముందుగోడకి ఫ్యాన్లు, బండికి తగిలించిన జనరేటర్, చిన్న తెర మీద మైనస్ 18 అనే అంకె. లోపల గడ్డకట్టిన రొయ్య. దీన్ని వాడుకలో ఏసీ కంటైనర్ అంటారు. ఓడరేవు భాషలో రీఫర్.

అరటి లారీకి చలి లేదు. చేపల లారీకి కరిగే చలి ఉంది. రొయ్య కంటైనర్‌కి కరగని చలి ఉంది. అందుకే అరటి రెండు రోజుల దూరం, చేప మూడు నాలుగు రోజుల దూరం పోతాయి. రొయ్య నెలన్నర ప్రయాణం చేసి న్యూయార్క్‌లో దిగుతుంది. ఒకే నేల, ఒకే నీళ్లు, ఒకే వంతెన. రైతు సరుకు ఎంత దూరం పోగలదన్నది దానికి చలి ఏ గంటకు అందిందన్న దాని మీద ఉంటుంది. ఇక్కడ నిలబడి చూస్తే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రొయ్య కథ చెరువు గట్టు నుంచి మొదలుపెట్టాలి. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ముమ్మిడివరం, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల్లో ఇప్పుడు చెరువుల్లో పెరిగేది వెనామీ. అది మన సముద్రాల రొయ్య కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. అంతకుముందు ఇక్కడ టైగర్ రొయ్య రాజ్యమేలింది. 1994–95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఆ సాగును పడగొట్టింది. చెరువులు ఎండబెట్టుకుని ఏళ్ల తరబడి అప్పులు తీర్చినవాళ్లు తీరంలో ఊరూరా ఉన్నారు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు మళ్లీ తిరిగాయి. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో చెన్నై వస్తాయి. నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాక హేచరీలకు చేరతాయి. వాటి పిల్లలు మన చెరువుల్లో పెరిగి, గడ్డకట్టి, ఓడలో అమెరికా తిరిగి వెళ్తాయి.

చెరువులో రొయ్య పట్టుబడి సాధారణంగా తెల్లారకముందే. ఎండ పొడిస్తే రొయ్యకీ చేటు, ఐసుకీ చేటు. ముందు రోజే కొనుగోలుదారు వచ్చి వల వేసి కౌంట్ చూసుకుంటాడు. ముప్పై కౌంట్ అంటే కిలోకి ముప్పై రొయ్యలు, వంద కౌంట్ అంటే వంద. కౌంట్ ఎంత తక్కువైతే ధర అంత ఎక్కువ. కోనసీమ ఆక్వా రైతు ఇంట్లో పెళ్లి ముహూర్తం కూడా ఈ కౌంట్ తేలాకే పెడతారంటే అతిశయోక్తి కాదు. వల లాగిన రొయ్య చిటపటలాడుతూ ట్రేలోకి పడుతుంది. వెంటనే దాన్ని ఐసు నీళ్ల తొట్టెలో ముంచుతారు. ఆ ముంచడంలోనే అంతా ఉంది. ప్రాణం ఒక్కసారిగా పోవాలి. కొట్టుకుని కొట్టుకుని చస్తే తల వదులవుతుంది, పెంకు మీద నల్లమచ్చలు లేస్తాయి. తల ఊడిన రొయ్యకూ మెత్తబడిన రొయ్యకూ కొనేవాడు ధర కోస్తాడు. తర్వాత ఒక వరస నలగ్గొట్టిన ఐసు, ఒక వరస రొయ్య, మళ్లీ ఐసు. కిలో రొయ్యకి కిలో ఐసు అన్నది లెక్క. ఎండాకాలం అంతకంటే ఎక్కువే పడుతుంది. ఐసు ఫ్యాక్టరీ గడ్డలు దొరకక పట్టుబడి వాయిదా వేసుకునే రైతులుంటారు. ఆ ఒక్క రోజు మేత ఖర్చు, కరెంటు ఖర్చు వాళ్ల మీదే.

గట్టున ఐసు తగలని ఒక గంటకు ఫ్యాక్టరీలో ఎన్ని కోట్ల యంత్రాలున్నా పరిహారం ఉండదు. చలి సరుకును మెరుగుపరచలేదు. ఉన్న నాణ్యతను ఉన్నచోట ఆపుతుంది, అంతే. కాబట్టి మన రొయ్య ఎగుమతి మొత్తానికి పునాది ఓడరేవు కాదు, చెరువు గట్టున చీకట్లో ఐసు నలగ్గొట్టే కుర్రవాడు. లెక్కల పుస్తకాల్లో ఇతనికి చోటు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

గట్టు నుంచి ఇన్సులేటెడ్ వ్యాన్లు బయలుదేరతాయి. కొన్ని భీమవరం చుట్టుపక్కలకు, కొన్ని ఎదుర్లంక–యానాం వంతెన మీదుగా కాకినాడ వైపు, కొన్ని రావులపాలెం వైపు. జొన్నాడ నుంచి వంతెన దాటితే వచ్చే రావులపాలెం మండలంలోనే గోపాలపురం ఉంది. అవంతి సంస్థ రొయ్యల శుద్ధి ప్లాంటు అక్కడే. అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్‌లో థాయ్‌లాండ్‌కు చెందిన థాయ్ యూనియన్‌కు వాటా ఉంది. అంటే గౌతమికి, వశిష్ఠకు నడుమ ఉన్న ఒక పల్లెలో పని షిఫ్టు బ్యాంకాక్ లెక్కలతోనూ అమెరికా సూపర్ మార్కెట్ల ఆర్డర్లతోనూ ముడిపడి ఉంది.

ఏ ప్లాంటులోనైనా లోపలి దృశ్యం ఒకటే. తలకు టోపీ, మూతికి మాస్కు, చేతికి గ్లవుజులు, కాళ్లకి గమ్‌బూట్లు. లోపలికి అడుగు పెట్టే ముందు క్లోరిన్ నీళ్ల తొట్టెలోంచి నడవాలి. పొడవాటి స్టీలు బల్లల వెంట వరసగా నిలబడి తల తీసేవాళ్లు, ఒలిచేవాళ్లు, నల్ల నరం లాగేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. ఐసులో ఉన్న రొయ్యను గంటల తరబడి ముట్టుకునే పని అది. గ్లవుజు ఉన్నా వేళ్లు కొయ్యబారతాయి, పెంకు ముల్లు గుచ్చుకుంటుంది. అమెరికాలో వంటింటి పొయ్యి మీదికి నేరుగా వేసుకునే ఒలిచిన రొయ్య వెనక ఆ వేళ్లున్నాయి. శుద్ధి చేసిన సరుకుకి ఎక్కువ ధర వస్తుంది. ఆ ఎక్కువలో ఈ వేళ్ల వాటా పెరగాలన్నది నా గట్టి అభిప్రాయం.

తర్వాత గడ్డకట్టించడం. ఇక్కడ వేగమే ముఖ్యం. నెమ్మదిగా గడ్డకడితే కండలో ఉన్న నీరు పెద్దపెద్ద స్ఫటికాలై కణాల గోడల్ని చీలుస్తుంది. కరిగించినప్పుడు నీరంతా కారిపోయి రొయ్య రబ్బరులా తయారవుతుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర వేగంగా గడ్డకట్టిస్తే స్ఫటికాలు సన్నగా ఉండి కండ నిలుస్తుంది. పలకల మధ్య నొక్కి గడ్డలు చేస్తే అది బ్లాక్. ఏ రొయ్యకారొయ్య విడిగా బెల్టు మీద గడ్డకడితే అది ఐక్యూఎఫ్. పైన సన్నటి నీటి పొర పట్టించి అట్టపెట్టెల్లో సర్దుతారు. ఇక్కడ కౌంట్ భాష మారిపోతుంది. చెరువు గట్టున కిలోకి లెక్కించినవాళ్లం, పెట్టె మీద పౌనుకు ఎన్ని అని రాస్తాం. 16/20, 21/25 అని.

రీఫర్ గురించి చాలామందికి ఉండే భ్రమ ఒకటుంది. అది గడ్డకట్టించే యంత్రం అనుకుంటారు. అది చేసే పని ఉన్న చలిని కాపాడటం మాత్రమే. మైనస్ 18కి రాని సరుకును అందులో ఎక్కిస్తే నెలన్నర తిరిగినా సరిగ్గా రాదు. చల్లగాలి నేల మీది అల్యూమినియం గాళ్ల సందుల్లోంచి వచ్చి, పెట్టెల చుట్టూ పైకెక్కి, కప్పు కిందుగా తిరిగి యంత్రానికి చేరుతుంది. అందుకే లోపల గోడకి ఒక ఎర్రగీత ఉంటుంది. పెట్టెలు ఆ గీత దాటి పేర్చకూడదు, దాటితే గాలి తిరగదు. రోడ్డు మీద జనరేటర్, రేవులో ప్లగ్ పాయింటు, ఓడలో మళ్లీ ప్లగ్ పాయింటు. కరెంటు తెగిన ప్రతి గంటనూ లోపల ఉన్న రికార్డరు రాసుకుంటుంది. జొన్నాడ నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. రాత్రిపూట ఆ దారిలో డ్రైవరు నిద్రనే కాదు, జనరేటర్ డీజిలును కూడా కాచుకోవాలి.

2024–25లో భారత్ 7,41,529 టన్నుల ఘనీభవించిన రొయ్యను ఎగుమతి చేసి 43,334 కోట్ల రూపాయలు సంపాదించింది. సగటున కిలో 580 రూపాయల పైచిలుకు. ఆ లెక్కన పదిహేడు టన్నులు నింపిన కంటైనర్ ఒకటి వంతెన దాటిందంటే కోటి రూపాయల సరుకు దాటినట్టు. దేశంలో పెంచే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే.

చలిని సముద్రం దాటించడం మనకు కొత్త కాదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి చెరువుల మీద కోసిన ఐసును ఓడలో కలకత్తా పంపాడు. 180 టన్నులు ఎక్కిస్తే వంద టన్నుల దాకా మిగిలింది. 1842లో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐసు నిల్వకు కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ నిలబడి ఉంది. అప్పట్లో అమెరికా నుంచి మనకు చలి వచ్చేది, ఇప్పుడు మన దగ్గర నుంచి అమెరికాకు చలి పోతోంది. 1882లో డునెడిన్ అనే తెరచాప ఓడ గడ్డకట్టిన మాంసాన్ని న్యూజిలాండ్ నుంచి లండన్‌కు మూడు నెలల్లో చేర్చింది. ఆవిరి యంత్రంతో చలి పుట్టించి సముద్రాలు దాటించవచ్చని లోకానికి నమ్మకం కలిగింది. లారీకి చలి యంత్రం బిగించే పనిలో ముందుండి, 1949లో దానికి పేటెంటు పొందిన నల్లజాతి ఇంజినీరు ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ పేరును జొన్నాడ దారిన పోయే ఏసీ బండ్లు నడిపేవాళ్లందరూ తెలుసుకోవాలి.

చలి గొలుసు పొడవైన కొద్దీ దాని మీద పడే దెబ్బలు కూడా దూరం నుంచి వస్తాయి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా కొన చుట్టి పోవాల్సి వచ్చింది. పది పదిహేను రోజుల అదనపు ప్రయాణం, అన్ని రోజులూ ప్లగ్ పాయింటు ఖర్చు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్య మీద అంతకుముందే ఉన్న డంపింగ్ వ్యతిరేక సుంకం, సబ్సిడీ వ్యతిరేక సుంకం దీనికి అదనం. పోటీగా ఉన్న ఈక్వెడార్‌కి అమెరికా దగ్గర, అప్పట్లో సుంకమూ తక్కువ. వాషింగ్టన్‌లో ప్రకటన వచ్చిన వారంలోనే మన చెరువు గట్ల మీద కౌంట్ ధరలు పడ్డాయి. కొనేవాడు ధర తగ్గించాడు, అమ్మేవాడికి మరో దారి లేదు. పట్టుబడికి వచ్చిన రొయ్యను ఆపితే మేత తింటుంది, రోగం భయం ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ కంపెనీకి ఉంది, రైతుకు లేదు. గడ్డకట్టిన రొయ్య ధర కోసం నెలల తరబడి ఎదురుచూడగలదు. బతికున్న రొయ్యకు ఆ వీలు లేదు. ధర పడినప్పుడు మొదట నష్టపోయేది ఎప్పుడూ గట్టు మీదివాడే కావడానికి అసలు కారణం ఇదే. ఆక్వా రైతుల సంఘాలు ధరల గురించి చేసే పోరాటంలో, రైతులు తమ సరుకును గడ్డకట్టించి దాచుకునే ఉమ్మడి నిల్వల మాట ఇంకా గట్టిగా వినపడాలి.

ఆకాశం నుంచి వచ్చే దెబ్బ వేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. గాలి మొదలయ్యాక కరెంటు పోతుంది. ఏరేటర్లు ఆగితే చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది. తెల్లారేసరికి రొయ్యలు గట్టుకు తేలతాయి. డీజిలు జనరేటర్ ఉన్నవాడు బయటపడతాడు. కౌలు చెరువు చేసే చిన్నవాడికి ఆ జనరేటర్ ఎక్కడిది?

ఇక అరటి దగ్గరికి వద్దాం. నా మనసు ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది. గౌతమి లంకల్లో పండే అరటి రుచి తిన్నవాళ్లకే తెలుస్తుంది. కర్పూర చక్కెరకేళి, తెల్ల చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత. వరద తెచ్చి పరిచిన ఒండ్రు మట్టి బలం అది. ఆ వరదే పంటను తీసుకుపోతుంది కూడా. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన నీరు వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక తోటలు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. లంకలో అరటి వేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. నష్టం వాళ్లది, పట్టా మరొకరిది.

ఈ అరటి రావులపాలెం యార్డుకి సైకిళ్ల మీద, ఆటోల మీద, ట్రాక్టర్ల మీద చేరుతుంది. నేల మీద దింపుతారు, పాట పెడతారు, లారీలో పేరుస్తారు. గెల నేలకు తగిలిన ప్రతిచోటా తొక్క కింద దెబ్బ మొదలవుతుంది. అప్పటికి కనిపించదు. రెండో రోజు నల్లబడుతుంది. అందుకే కొనే ఊరు రెండు రోజుల్లో చేరేదై ఉండాలి. అరటికి మైనస్ చలి అక్కర్లేదు. 13, 14 డిగ్రీలు చాలు. అంతకంటే దిగితే తొక్క నల్లబడిపోతుంది. పైగా అరటి గడ్డకట్టిన రొయ్యలా నిశ్చలంగా ఉండదు. కోసిన తర్వాత కూడా ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది, ఇథిలీన్ వదులుతుంది. దాన్ని తీసుకెళ్లే రీఫర్‌లో గాలి కిటికీ కొంచెం తెరిచే ఉంచాలి. మైనస్ 18 రొయ్యకు ఆ కిటికీ మూసే ఉంచాలి. యంత్రం ఒకటే, పెట్టే తీరు వేరు.

రీఫర్‌లో అరటిని సముద్రం దాటించడం మన రాష్ట్రంలో సాధ్యమే అని చూపించినవాళ్లు ఉన్నారు. 2020 జనవరి 30న అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు 43 రీఫర్ కంటైనర్లలో 890 టన్నుల అరటి రైల్లో బయలుదేరింది. అక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు. వాన కరువైన సీమలో డ్రిప్పుతో పండించిన అరటి సముద్రం దాటింది, గోదావరి నడుమ పండిన అరటి ఒడిశా, బెంగాల్‌లలోనే ఆగిపోతోంది. రకాల తేడా ఒక కారణం. తాడిపత్రిది గ్రాండ్ నైన్, లోకమంతా అమ్ముడయ్యే కావెండిష్ జాతి. తొక్క మందం, నిల్వ ఎక్కువ. మన అమృతపాణి పండిందంటే హస్తం నుంచి ఊడి రాలుతుంది. కర్పూరాన్ని గల్ఫ్ అంగడిలో ఎవరూ అడగరు, ఒక్క తెలుగువాళ్లు తప్ప. కానీ దుబాయిలో, మస్కట్‌లో, కువైట్‌లో కోనసీమవాళ్లు తక్కువేమీ లేరు. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. ఆ బజారు చిన్నదైనా అది మనదే.

రెండో కారణం కోత దగ్గరి పని. తాడిపత్రిలో గెలకి ముందే సంచి తొడుగుతారు. కోశాక నేల మీద పెట్టరు, మెత్తలు పరిచిన బండి మీద ప్యాక్‌హౌస్‌కి తెస్తారు. హస్తాలు విడదీసి నీళ్ల తొట్టెలో వేస్తారు. పాలు కడిగిపోయాక తూచి అట్టపెట్టెల్లో పెట్టి ముందు చల్లార్చే గదిలో ఉంచుతారు. చెరువు గట్టున రొయ్యకు ఐసు నీళ్ల తొట్టె ఏం చేస్తుందో, తోటలో అరటికి ఆ గది అదే చేస్తుంది. లంకలో ఆ గది లేదు. పడవ మీద ఏటిగట్టుకి వచ్చి, గట్టున ఎండలో మధ్యాహ్నం దాకా ఆగి, అప్పుడు యార్డుకి చేరే గెలకు తర్వాత ఎంత మంచి రీఫర్ తెచ్చినా లాభం లేదు.

జొన్నాడ–రావులపాలెం గట్ల మీద అలాంటి ప్యాక్‌హౌస్‌కి చోటు, రోడ్డు, కరెంటు మూడూ ఉన్నాయి. రొయ్య కోసం వచ్చిన ఏసీ బండ్ల మెకానిక్కులు, డ్రైవర్లు, రేవు కాగితాలు తెలిసినవాళ్లు ఇప్పటికే ఈ దారిలో ఉన్నారు. లేనిది సరుకును ఒక చోట చేర్చే ఏర్పాటు. తాడిపత్రి రైలు లెక్క చూస్తే ఒక్కో కంటైనర్‌లో ఇరవై టన్నుల పైనే పట్టింది. అంటే ఒకే రోజున, ఒకే ముదురులో ఉన్న, మచ్చలేని ఇరవై టన్నుల కాయ కావాలి. అరెకరం, ఎకరం కౌలు చేసే లంక రైతు ఒక్కడు దాన్ని నింపలేడు. పదులమంది ఒకే వారంలో పిలకలు నాటాలి, ఒకే తీరున గెలకు సంచి తొడగాలి, ఒకే తెల్లవారుజామున కోయాలి. ఎవరి గెల ఎవరిదో రాసిపెట్టే ఒక పుస్తకం కావాలి, డబ్బు వారంలోపు చేతికందాలి. ఉత్పత్తిదారుల సంఘం పేరుతో కాగితం మీద ఉన్న ఈ పని కౌలుదారుకి సభ్యత్వం ఇవ్వడంతో మొదలవ్వాలి. పట్టాదారు సంతకం లేనిదే చేర్చుకోమంటే లంకలో సంఘం నిలవదు. వరద తగ్గి, ఒండ్రు ఆరి, పిలకలు నాటే రోజులకల్లా ఆ పేర్ల జాబితా తయారైతే, ఏడాది తిరిగేసరికి మొదటి కంటైనర్ నింపడానికి గెలలుంటాయి.